మందుకీ మనిషికీ మధ్య ఆరేళ్ల చదువు

డాక్టరు మందు రాస్తారు, నర్సు వేస్తారు. ఆ మందు ఈ రోగికి, ఈ డోసులో సరిపోతుందా అని పక్కనే నిలబడి లెక్క చూసే మనిషి కావాలనే ఆలోచనతో 2008లో మన దేశానికి వచ్చిన కోర్సు ఫార్మ్‌-డి. అందులో ఏం నేర్పుతారు? ఎవరు చేరొచ్చు? చదివాక ఎక్కడ పని దొరుకుతుంది?

కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ మాత్రను వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. చీటీ మీద ఆ సంగతి రాసే ఉంటుంది. కానీ బీపీ మాత్ర రోజూ, షుగరు మాత్ర రోజూ మింగే పెద్దావిడకు ఇదొక్కటే వారానికోసారి అంటే గుర్తుండదు. మిగతా వాటితో కలిపి పొద్దున్నే వేసేసుకుంటుంది. కొద్దిరోజుల్లో నోరంతా పూస్తుంది, ముద్ద మింగుడుపడదు. ఎముక మజ్జ దెబ్బతిని తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. జ్వరంతో ఆస్పత్రికి చేరేసరికి పరిస్థితి ప్రాణం మీదికి వస్తుంది. అనేక దేశాల్లోని ఆస్పత్రులు మళ్లీ మళ్లీ చూసిన పొరపాటు ఇది. డాక్టరు సరిగ్గానే రాశారు, కంపెనీ సరిగ్గానే తయారుచేసింది. అయినా ఆ మాత్ర ఆమెకు కీడే చేసింది.

ఈ మందు పుట్టుకలో ఒక తెలుగువాడి చేయి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలకు నాయకత్వం వహించిన రోజుల్లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. ఆ తర్వాత దానికి ఎదురు పనిచేసే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ లాంటి మందులు అక్కడి నుంచే వచ్చాయి. పిల్లల్లో రక్తక్యాన్సర్‌ను మందుతో వెనక్కి నెట్టవచ్చని బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించింది ఈ కోవలోని మందుతోనే.

మందు కనిపెట్టడంలో, తయారుచేయడంలో తెలుగువాళ్ల పేరు ప్రపంచానికి తెలుసు. అదే మందు రోగి ఒంట్లోకి వెళ్లాక సవ్యంగా పనిచేసేలా చూడటం వేరే విద్య. ఆ విద్యకు మన దగ్గర పెట్టిన పేరు ఫార్మ్‌-డి, అంటే డాక్టర్ ఆఫ్ ఫార్మసీ. ఏటా ఎంసెట్... ఇప్పటి ఈఏపీసెట్ కౌన్సెలింగ్ వచ్చిందంటే వేలమంది తల్లిదండ్రులు ఈ పేరు దగ్గర ఆగి ఆలోచిస్తారు. ఎంబీబీఎస్ సీటు రాలేదు కాబట్టి ఇందులో చేరదామా అని కొందరు, ఆరేళ్లు చదివాక ఉద్యోగం ఏమిటని కొందరు. రెండు ప్రశ్నలకూ నిజాయితీగా జవాబు చెప్పుకోవాలంటే ఈ చదువు ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూడాలి.

ఫ్యాక్టరీ నుంచి వార్డుకు

మన దేశంలో ఫార్మసీ చదువును విశ్వవిద్యాలయంలోకి తెచ్చినవారు మహాదేవ లాల్ ష్రాఫ్. 1932లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఆయన చొరవతోనే ఈ పాఠాలు మొదలయ్యాయి. అంతకు కొద్దిగా ముందే, 1930-31లో, కర్నల్ ఆర్.ఎన్.చోప్రా అధ్యక్షతన వేసిన మందుల విచారణ సంఘం దేశంలో నకిలీ మందులు ఎలా చలామణి అవుతున్నాయో, మందు కలిపి ఇచ్చేవాళ్లకు చదువు ఎంత తక్కువో ఎత్తిచూపింది. స్వాతంత్య్రం వచ్చాక 1948లో ఫార్మసీ చట్టం వచ్చింది. మరుసటి ఏడాది ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. ఈ దేశంలో ఫార్మసీ కాలేజీ పెట్టాలన్నా, పాఠ్యాంశాలు మార్చాలన్నా ఆ కౌన్సిల్ అనుమతి తప్పనిసరి.

తెలుగునేల మీద 1951లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయం ఈ చదువుకు విభాగం తెరిచింది. తర్వాత వరంగల్‌లో కాకతీయ విశ్వవిద్యాలయం పెద్ద పేరు తెచ్చుకుంది. కానీ ఇక్కడ ఫార్మసీకి అసలు ఊపు ఇచ్చింది పరిశ్రమ. హైదరాబాద్ బాలానగర్‌లో ప్రభుత్వరంగ ఐడీపీఎల్ కర్మాగారం వచ్చాక మందుల తయారీ తెలిసిన ఒక తరమే తయారైంది. అక్కడ పనిచేసి బయటికొచ్చిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. జీడిమెట్ల, పటాన్‌చెరు, విశాఖ దగ్గర పరవాడ... ఎక్కడ చూసినా బల్క్ డ్రగ్ యూనిట్లే. దాంతో మన ఇళ్లలో ఫార్మసీ అంటే రెండే బొమ్మలు స్థిరపడ్డాయి: ఒకటి కంపెనీ ఉద్యోగం, రెండోది మెడికల్ షాపు.

పాశ్చాత్య దేశాల్లో ఫార్మసిస్టు అప్పటికే ఆస్పత్రి వార్డుల్లో తిరుగుతున్నాడు. సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 1950లోనే ఫార్మ్‌-డి మొదలుపెట్టింది. 2000 దశకం మొదట్లో అమెరికాలో ఫార్మసిస్టు కావడానికి అదొక్కటే దారిగా మిగిలింది. మన దగ్గర 1990ల రెండో సగంలో మైసూరు, ఊటీల్లోని జేఎస్‌ఎస్ కాలేజీలు ఫార్మసీ ప్రాక్టీస్‌లో ఎం ఫార్మసీ ప్రారంభించి, విద్యార్థుల్ని డాక్టర్ల రౌండ్లకు పంపడం మొదలుపెట్టాయి. ఆ అనుభవాల మీదే 2008లో ఫార్మసీ కౌన్సిల్ ఫార్మ్‌-డి నిబంధనలు తెచ్చింది. ఆ ఏడాది చేరిన తొలి బ్యాచ్ 2014లో బయటికొచ్చింది.

ఏ కోర్సు ఎన్నేళ్లు?

ఫార్మసీలో పట్టాలు నాలుగైదు ఉన్నాయి. పేర్లు దగ్గరదగ్గరగా ఉండటంతో చాలామంది తికమకపడతారు.

డీ ఫార్మసీ రెండేళ్ల డిప్లొమా. దాని తర్వాత 500 గంటల ప్రాక్టికల్ శిక్షణ పూర్తిచేస్తే ఫార్మసిస్టుగా రిజిస్టర్ కావచ్చు, మందుల షాపు నడపవచ్చు. రిజిస్ట్రేషన్‌కు ముందు రాసే ఎగ్జిట్ పరీక్షకు 2022లో కౌన్సిల్ నిబంధనలు తెచ్చింది.

బీ ఫార్మసీ నాలుగేళ్లు, 8 సెమిస్టర్లు. దేశమంతటికీ ఒకే సిలబస్. మందుల తయారీ, నాణ్యత పరీక్షలు, రసాయనశాస్త్రం దీనికి ప్రాణం. పరిశ్రమ వైపు వెళ్లాలనుకునేవాళ్లకు ఇది రాచబాట. ఆ తర్వాత ఎం ఫార్మసీ, హైదరాబాద్ నైపర్ లాంటి సంస్థల్లో పరిశోధన.

ఫార్మ్‌-డి ఆరేళ్లు. అయిదేళ్లు చదువు, చివరి ఏడాది ఆస్పత్రిలో ఇంటర్న్‌షిప్. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ తప్పనిసరిగా చదివి ఉండాలి. మూడో సబ్జెక్టు మేథ్స్ అయినా, బయాలజీ అయినా ఫర్వాలేదు. డీ ఫార్మసీ పాసైనవాళ్లూ మొదటి ఏడాదిలో చేరవచ్చు. చేరే సంవత్సరం డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. బీ ఫార్మసీ అయినవాళ్లకు మూడేళ్ల పోస్ట్ బాకలారియెట్ ఫార్మ్‌-డి ఉంది. రెండేళ్లు చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. కౌన్సిల్ నిబంధనల్లో ఒక కాలేజీకి ఫార్మ్‌-డి సీట్లు 30, పోస్ట్ బాకలారియెట్ సీట్లు 10 మాత్రమే. ఒక మంచం చుట్టూ నిలబడి నేర్చుకునే చదువు కాబట్టి క్లాసు చిన్నదిగా ఉండాల్సిందే.

ఒక విషయం మొదట్లోనే తేల్చుకోవాలి. ఫార్మ్‌-డి చదివినవాళ్లు వైద్యులు కారు. రోగాన్ని నిర్ధారించరు, సొంతంగా మందు రాయరు. పట్టా పేరులో డాక్టర్ అన్న మాట చూసి, క్లినిక్ పెట్టుకోవచ్చన్న ఆశతో చేరితే ఆరేళ్ల తర్వాత మిగిలేది నిరాశే. డాక్టరు రాసిన మందు గురించి డాక్టరుతోనే చర్చించగలిగే లోతైన జ్ఞానం కావాలనుకునే వాళ్ల కోర్సు ఇది.

ఏటేటా ఏం నేర్పుతారు?

మొదటి ఏడాది పునాది. శరీర నిర్మాణం, అవయవాల పనితీరు, జీవరసాయనం, ఆర్గానిక్, ఇనార్గానిక్ కెమిస్ట్రీ, మందుల తయారీ పాఠాలు. ఎంపీసీ నుంచి వచ్చినవాళ్లు అదనంగా బయాలజీ, బైపీసీ నుంచి వచ్చినవాళ్లు మేథ్స్ చదవాలి. ల్యాబ్‌లో సిరప్పులు, లోషన్లు కలుపుతూ కొలత అంటే ఏమిటో నేర్చుకునేది అప్పుడే. కల్వంలో పొడి నూరడం, మెజరింగ్ సిలిండర్‌లో ద్రవం అంచును కంటికి సమానంగా పట్టి చూడటం లాంటి పనులు చిన్నవిగానే కనిపిస్తాయి. పసిబిడ్డకు మిల్లీలీటరులో పదో వంతు తేడా వస్తే ఏమవుతుందో తెలిసే రోజున ఈ అలవాటే ఆదుకుంటుంది.

రెండో ఏడాదిలో రోగాలు మొదలవుతాయి. జబ్బు చేసినప్పుడు ఒంట్లో ఏ మార్పు వస్తుందో చెప్పే పాథోఫిజియాలజీ, సూక్ష్మజీవులు, మందులు ఎలా పనిచేస్తాయో చెప్పే ఫార్మకాలజీ, ఏ జబ్బుకు ఏ చికిత్సో చెప్పే ఫార్మకోథెరప్యూటిక్స్. మొక్కల మందుల పాఠమూ ఇప్పుడే. మన పెరళ్లలో పూసే బిళ్లగన్నేరు నుంచి విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు వస్తుంది. ఆకులో ఉన్న ఆ రసాయనం పేరు రెండో ఏడాదిలో చదువుతారు. దాన్ని సిరలోకే ఎక్కించాలని, పొరపాటున వెన్నులోకి వెళితే ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యమని తర్వాత చదువుతారు. అందుకే విన్‌క్రిస్టిన్‌ను సిరంజిలో కాకుండా చిన్న సెలైన్ సంచిలో కలిపి ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. సంచిలో ఉన్నదాన్ని ఎవరూ వెన్నులోకి ఎక్కించబోరు.

మూడో ఏడాది ఫార్మకాలజీ రెండో భాగం, మందుల విశ్లేషణ, మెడిసినల్ కెమిస్ట్రీ, చట్టాలు. నాలుగో ఏడాది హాస్పిటల్ ఫార్మసీ, క్లినికల్ ఫార్మసీ, బయోస్టాటిస్టిక్స్, మందు రక్తంలోకి ఎంత వేగంగా చేరి ఎంత వేగంగా బయటికి పోతుందో లెక్కగట్టే ఫార్మకోకైనటిక్స్, క్లినికల్ టాక్సికాలజీ.

ఈ టాక్సికాలజీ దగ్గర కాస్త ఆగాలి. మన పల్లెల్లోని ఆస్పత్రులకు ఇంతకంటే దగ్గరి సబ్జెక్టు మరొకటి లేదు. పత్తి, మిరప పండే జిల్లాల్లో పురుగుమందు తాగి వచ్చే కేసు ఏ క్యాజువాల్టీకైనా పరిచయమే. ఆర్గానోఫాస్ఫేట్ విషమైతే ఊపిరితిత్తుల్లో నీరులాంటి స్రావం నిండిపోతుంది, కంటిపాప సూదిమొనంత చిన్నదవుతుంది. విరుగుడు అట్రోపిన్. ఎంత ఇవ్వాలి? ఊపిరితిత్తులు పొడిబారేదాకా. కొన్ని నిమిషాలకోసారి డోసు రెట్టింపు చేసుకుంటూ పోవాలి. ముదిరిన కేసుకు అట్రోపిన్ ఆంపుల్స్ పదులకొద్దీ ఖర్చయిపోతాయి. రాత్రి రెండు గంటలకు స్టోరులో ఆ ఆంపుల్స్ ఉన్నాయా లేవా అన్నది వైద్యం పాఠం కిందికీ రాదు, నర్సింగ్ పాఠం కిందికీ రాదు. ఫార్మసీ చదివినవాడు చూసుకోవాల్సిన సంగతి అది. పాముకాటూ అంతే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర ఈ నాలుగింటి విషానికీ కలిపి పనిచేసే యాంటీవీనమ్ మన దేశంలో దొరుకుతుంది. అది ఎక్కిస్తుండగా ఒంటి మీద దద్దుర్లు, ఊపిరాడకపోవడం లాంటి తీవ్రమైన రియాక్షన్ రావచ్చు. అడ్రినలిన్ సిద్ధంగా పెట్టుకున్నాకే యాంటీవీనమ్ మొదలుపెట్టాలి.

అయిదో ఏడాదిలో క్లినికల్ రీసెర్చ్, మందుల ఖర్చుకూ ఫలితానికీ లెక్క చూసే ఫార్మకోఎకనామిక్స్, రక్తంలో మందు మోతాదును కొలిచి డోసు సరిచేసే పద్ధతులు, ఆరు నెలల ప్రాజెక్టు. ఆరో ఏడాది పూర్తిగా ఆస్పత్రే. ఆరు నెలలు జనరల్ మెడిసిన్‌లో, తర్వాత సర్జరీ, పిల్లల విభాగం, గైనకాలజీ, మానసిక వైద్యం లాంటి వాటిలో మూడు విభాగాల్లో రెండేసి నెలలు.

అయితే ఆస్పత్రి గడప తొక్కేది ఆరో ఏట కాదు. రెండో ఏడాది నుంచే. రెండు, మూడు, నాలుగు సంవత్సరాల్లో ఏడాదికి కనీసం 50 గంటలు ఆస్పత్రిలో ఉండాలని, అయిదో ఏడాదిలో రోజూ పొద్దుటిపూట వార్డు రౌండ్లకు వెళ్లాలని నిబంధన. అందుకోసం కాలేజీకి కనీసం 300 పడకల ఆస్పత్రి అందుబాటులో ఉండాలి. సొంతదైనా సరే, ఒప్పందం చేసుకున్నదైనా సరే. హాజరు 80 శాతం ఉండాలి, పాస్ మార్కులు 50 శాతం.

వార్డులో ఒక పూట

మెడిసిన్ వార్డులో ఫార్మ్‌-డి విద్యార్థి మొదట చేసే పని రోగితో మాట్లాడటం. కొత్తగా చేరిన ప్రతి మనిషి దగ్గరా ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. 'అమ్మా, ఇంట్లో వేసుకునే మందులన్నీ ఒకసారి చూపిస్తారా' అని అడిగితే ఆ కవరు మంచం మీద బోర్లిస్తారు. సగం చింపిన స్ట్రిప్పులు, పేరు చెరిగిపోయిన సీసా, ఊళ్లో ఆరెంపీ ఇచ్చిన నొప్పి గోలీలు, పక్కింటావిడకు పనిచేసిందని తెచ్చుకున్న చూర్ణం. ఇందులో బీపీ మందు టెల్మిసార్టన్ రెండు స్ట్రిప్పులు దొరకవచ్చు, రెండు వేర్వేరు కంపెనీల పేర్లతో. ఊళ్లో డాక్టరు ఒకటి రాశారు, పట్నంలో డాక్టరు ఇంకొకటి రాశారు. రెండూ ఒకటేనని ఆమెకు తెలీదు, రోజూ రెండూ వేసుకుంటోంది. లేవగానే కళ్లు తిరుగుతున్నాయని ఆస్పత్రిలో చేర్చింది అందుకే అయి ఉండవచ్చు. రాసుకున్న పట్టికను కేస్ షీట్‌తో పోల్చి చూస్తేగానీ ఇలాంటివి బయటపడవు.

రెండో పని లెక్క. 70 ఏళ్ల ఆవిడ, బరువు 45 కిలోలు, రక్తంలో క్రియాటినిన్ 1.6. రిపోర్టు చూసినవాళ్లు కాస్త ఎక్కువుందిలే అనుకుంటారు. విద్యార్థి కాగితం మీద కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రం వేస్తాడు. 140లోంచి వయసు తీసేస్తే 70. దాన్ని బరువు 45తో గుణిస్తే 3150. కింద 72ను 1.6తో గుణిస్తే 115.2. భాగిస్తే దాదాపు 27. ఆడవాళ్లకు కండ తక్కువ కాబట్టి 0.85తో గుణించాలి. వచ్చేది 23. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలు నిమిషానికి 100 మిల్లీలీటర్ల చుట్టుపక్కల రక్తాన్ని శుభ్రం చేస్తే, ఈవిడ కిడ్నీలు చేస్తున్నది 23. అంటే నాలుగో వంతుకు దిగిపోయాయి.

ఇప్పుడు ఆవిడ కాలి రక్తనాళంలో గడ్డ కట్టిందని ఎనాక్సాపారిన్ ఇంజెక్షన్ రాశారనుకుందాం. మామూలుగా కిలోకు ఒక మిల్లీగ్రాము చొప్పున పన్నెండు గంటలకోసారి. ఈ లెక్క 30 కంటే తగ్గితే రోజుకు ఒక్కసారే. రెండుసార్లు ఇస్తే మందు ఒంట్లో పేరుకుపోయి రక్తస్రావం కావచ్చు. విద్యార్థి ఆ సంగతిని తన పర్యవేక్షకుడికి చెబుతాడు, ఆయన రౌండ్లలో డాక్టరు దృష్టికి తెస్తారు. నిర్ణయం డాక్టరుదే. ఒప్పుకుంటే కేస్ షీట్‌లో డోసు మారుతుంది, ఫార్మసీ రిజిస్టరులో ఆ సూచన నమోదవుతుంది. పావుగంటలో అయిపోయే ఈ పని ఒక్కోసారి ఒక ప్రాణం ఖరీదు చేస్తుంది.

మూడో పని డిశ్చార్జి రోజున. గుండె కవాటం మార్చిన రోగి రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ వాడుతుంటే ఆకుకూరల సంగతి చెప్పాలి. పాలకూర, తోటకూర, మునగాకుల్లో విటమిన్ కె ఎక్కువ, అది మందుకు ఎదురు పనిచేస్తుంది. ఆకుకూరలు మానేయమని చెబితే తప్పు. ఒక వారం రోజూ తిని, మరో వారం అసలు ముట్టకపోతే రక్తం గడ్డకట్టే తీరును చూపే ఐఎన్ఆర్ పరీక్ష ఫలితం ఊగిసలాడుతుంది కాబట్టి ఎప్పుడూ ఒకే తీరున తినమని చెప్పాలి. క్షయకు రిఫాంపిసిన్ మొదలుపెట్టినవాళ్లకు మూత్రం నారింజ రంగులో వస్తుందని, భయపడి మందు ఆపొద్దని ముందే చెప్పాలి. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకోవాలి, కాల్షియం మాత్రకూ దానికీ మధ్య నాలుగు గంటలు ఎడం ఉండాలి. స్టెరాయిడ్ ఉన్న ఆస్తమా ఇన్‌హేలర్ పీల్చాక నోరు పుక్కిలించాలి, లేకపోతే నోట్లో ఫంగస్ రావచ్చు. ఇవన్నీ డాక్టర్లకు తెలిసినవే. వందమంది ఓపీ చూస్తున్న డాక్టరుకు ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని చెప్పే తీరిక ఉండదు.

మందు పడక వచ్చే దుష్ఫలితాలను రాసి పంపడం ఇంకో ముఖ్యమైన పని. దేశంలో వీటిని నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం 2010లో మొదలైంది. 2011 నుంచి ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతోంది. 1800-180-3024 నంబరుకు రోగులు కూడా ఫోన్ చేసి తమకు వచ్చిన ఇబ్బంది చెప్పవచ్చు. ఫార్మ్‌-డి విద్యార్థులు ఉన్న ఆస్పత్రుల్లో ఈ ఫారాలు నింపే పనిలో ముందుండేది వాళ్లే. వార్డులో ఈ జాగ్రత్తలన్నీ ఎందుకంటే, మందుల పొరపాట్ల వల్ల ఏటా ప్రపంచానికి 4,200 కోట్ల డాలర్లు ఖర్చవుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో అంచనా కట్టింది.

పట్టా చేతికొచ్చాక

ఇక తల్లిదండ్రులు అడిగే ప్రశ్న. ఇంత నేర్చుకున్న పిల్లలకు ఆస్పత్రుల్లో కుర్చీ ఉందా?

ఉండాల్సినంత లేదు. ఫార్మసీ కౌన్సిల్ 2015లో ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు తెచ్చింది. రోగికి మందు గురించి వివరించి చెప్పడం ఫార్మసిస్టు బాధ్యత అని అందులో ఉంది. 2021 సవరణలో క్లినికల్ ఫార్మసిస్ట్, డ్రగ్ ఇన్ఫర్మేషన్ ఫార్మసిస్ట్ అనే హోదాలను చేర్చింది. కాగితం మీద పేరు వచ్చింది. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఆ పేరుతో పోస్టులు మంజూరై, నోటిఫికేషన్లు రావడం మాత్రం నత్తనడకనే ఉంది. ఇప్పటికీ సర్కారీ నోటిఫికేషన్ వస్తే డీ ఫార్మసీ, బీ ఫార్మసీ వాళ్లతో కలిసి మామూలు ఫార్మసిస్టు పోస్టుకే పోటీపడాలి. ఇంటర్న్‌షిప్ ఏడాది పొడవునా వార్డుల్లో పనిచేసినా చాలాచోట్ల స్టైపెండ్ అందదన్నది విద్యార్థుల పాత ఫిర్యాదు. అదే వార్డులో హౌస్ సర్జన్‌కు స్టైపెండ్ వస్తుంది, పక్కనే నిలబడ్డ ఫార్మ్‌-డి ఇంటర్న్ సొంత ఖర్చుతో బస్సెక్కి వస్తాడు. ఇది సరిదిద్దాల్సిన అన్యాయం.

కార్పొరేట్ ఆస్పత్రుల్లో పరిస్థితి కొంత మెరుగు. ఆస్పత్రుల నాణ్యతకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీహెచ్ ప్రమాణాల్లో మందుల నిర్వహణకు ప్రత్యేక అధ్యాయమే ఉంది. గుర్తింపు కావాలన్న ఆస్పత్రి ప్రిస్క్రిప్షన్ల ఆడిట్ చేయాలి, మందుల పొరపాట్లను నమోదు చేయాలి. ఆ పనికి క్లినికల్ ఫార్మసిస్టులను తీసుకుంటున్నారు. యాంటీబయాటిక్స్ విచ్చలవిడిగా వాడకుండా చూసే కమిటీల్లోనూ వీళ్లుంటున్నారు.

ఎక్కువమంది చేరుతున్నది మాత్రం ఫార్మకోవిజిలెన్స్, క్లినికల్ రీసెర్చ్ కంపెనీల్లో. హైదరాబాద్, బెంగళూరు కార్యాలయాల్లో కూర్చుని, ప్రపంచంలో ఎక్కడో ఒక రోగికి మందు వల్ల వచ్చిన దద్దురునో, కాలేయ సమస్యనో చదివి, దానికి తగిన వైద్య కోడ్ ఇచ్చి, మందుకూ సమస్యకూ సంబంధం ఎంతవరకు ఉందో అంచనా వేస్తారు. కేస్ షీట్ చదవడం వచ్చినవాళ్లకు ఈ పని సులువుగా పట్టుబడుతుంది. మెడికల్ రైటింగ్, మెడికల్ కోడింగ్, బోధన కూడా ఉన్నాయి. రోగి పక్కన నిలబడాలని ఆరేళ్లు నేర్చుకున్నవాళ్లు కంప్యూటర్ ముందు స్థిరపడటం వాళ్ల తప్పు కాదు. వార్డులో పోస్టు లేనప్పుడు జీతం ఉన్నచోటికి వెళతారు. నష్టపోతున్నది ఆ వార్డులో పడుకున్న రోగి.

విదేశాల మాట వస్తే, ఈ కోర్సుకు తెలుగు రాష్ట్రాల్లో ఇంత గిరాకీ రావడానికి అమెరికా నిబంధన ఒక కారణం. విదేశీ ఫార్మసీ పట్టభద్రులు అక్కడ లైసెన్సు కోసం ముందు ఎఫ్‌పీజీఈఈ అనే అర్హత పరీక్ష రాయాలి. 2003 జనవరి 1 తర్వాత పట్టా పొందినవాళ్లయితే కనీసం అయిదేళ్ల కోర్సు చదివి ఉండాలన్నది షరతు. దాంతో నాలుగేళ్ల బీ ఫార్మసీ వాళ్లకు ఆ తలుపు మూసుకుపోయింది. ఆరేళ్ల ఫార్మ్‌-డికి తెరిచే ఉంది. అయితే అది మొదటి మెట్టే. ఇంగ్లిష్ పరీక్ష, ఇంటర్న్ గంటలు, నాప్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష, పనిచేయబోయే రాష్ట్ర చట్టాల పరీక్ష, అన్నిటికీ మించి వీసా. కెనడా, గల్ఫ్ దేశాలకు వాటి పరీక్షలు వాటికున్నాయి. ఏజెంటు మాట నమ్మి చేరేముందు ఆయా దేశాల బోర్డుల నిబంధనలు స్వయంగా చదువుకోవడం మంచిది.

మెడికల్ షాపు సంగతి

ఫార్మ్‌-డి వాళ్లు రిజిస్టర్డ్ ఫార్మసిస్టులే కాబట్టి సొంత షాపు పెట్టుకునే హక్కు ఉంది. ఈ దారిని చిన్నచూపు చూడనక్కర్లేదు. జ్వరమొచ్చినా నొప్పొచ్చినా మన జనం మొదట వెళ్లేది మందుల షాపుకే. ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం డాక్టరు చీటీ మీద మందు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే. ఆచరణలో గోడకు సర్టిఫికెట్ ఒకరిది వేలాడుతుంటే కౌంటర్లో ఇంకొకరు ఉండటం మనం చూస్తూనే ఉన్నాం. సర్టిఫికెట్‌ను అద్దెకిచ్చి నెలనెలా కొంత డబ్బు తీసుకునే అలవాటు ఈ వృత్తి పరువు తీస్తోంది. పట్టా అద్దెకిచ్చినవాడు తన ఆరేళ్ల చదువును, కౌంటరు ముందు నిలబడ్డ మనిషి నమ్మకాన్ని కలిపి అమ్మేసినట్టు.

2014 మార్చి నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 ప్రకారం కొన్ని బలమైన యాంటీబయాటిక్స్, క్షయ మందులు, అలవాటు చేసే మందులు అమ్మినప్పుడు రోగి పేరు, డాక్టరు పేరు, ఇచ్చిన పరిమాణం రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. కౌంటర్లో చదువుకున్న ఫార్మసిస్టు నిజంగా ఉంటే ఆ రిజిస్టరు సవ్యంగా ఉంటుంది. చీటీ లేకుండా యాంటీబయాటిక్ అడిగితే ఎందుకు ఇవ్వకూడదో ఓపిగ్గా చెప్పే గొంతు కూడా అక్కడ ఉంటుంది.

చేరేముందు అడగాల్సినవి

రెండు రాష్ట్రాల్లోనూ ఫార్మ్‌-డి కన్వీనర్ కోటా సీట్లు ఈఏపీసెట్ ర్యాంకుతోనే భర్తీ అవుతాయి. ఎంపీసీ వాళ్లకు, బైపీసీ వాళ్లకు కౌన్సెలింగ్ విడివిడిగా జరుగుతుంది. ఆప్షన్లు పెట్టేముందు కాలేజీ భవనం, బస్సులు, బ్రోచర్లు చూస్తే సరిపోదు. ఆస్పత్రిని చూడాలి.

ఒప్పందం ఏ ఆస్పత్రితో ఉంది, కాలేజీకి ఎంత దూరం, అక్కడ ఇన్‌పేషెంట్లు నిజంగా నిండుగా ఉంటారా అని అడగాలి. అయిదో ఏడాది విద్యార్థులు రోజూ రౌండ్లకు వెళుతున్నారా, వారానికో రోజు హాజరు వేయించుకుని వస్తున్నారా అని సీనియర్లను కనుక్కోవాలి. విద్యార్థులను వార్డులో పర్యవేక్షించే క్లినికల్ ఫార్మసీ అధ్యాపకులు ఎంతమంది, వాళ్లు ఆస్పత్రిలో కూర్చుంటారా, క్లాసురూముకే పరిమితమా? కేస్ షీట్ ముట్టుకోనిస్తారా, వరండాలో నిలబెడతారా? ఆస్పత్రిలో దుష్ఫలితాలను నమోదు చేసే కేంద్రం ఉందా, డ్రగ్ ఇన్ఫర్మేషన్ విభాగం పనిచేస్తోందా? ఇంటర్న్‌లకు స్టైపెండ్ ఇస్తారా, ఇస్తే ఎంత? ఫార్మసీ కౌన్సిల్ అనుమతి ఈ విద్యాసంవత్సరానికి ఉందో లేదో కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. అనుమతి లేని కోర్సు చదివితే రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ దొరకదు.

పిల్లల్నీ ఒక మాట అడగాలి. రోగి పక్కన కూర్చుని ఓపిగ్గా మాట్లాడటం ఇష్టమేనా? ఇరవై మందుల పేర్లు, వాటి మధ్య గొడవలు గుర్తుపెట్టుకుని, అనుమానం వచ్చినప్పుడు తనకంటే పెద్దవాళ్లైన డాక్టర్లతో మర్యాదగా, ఆధారం చూపించి మాట్లాడే ధైర్యం పెంచుకోగలరా? మందు తయారీ మీదే ఇష్టముంటే బీ ఫార్మసీ, ఎం ఫార్మసీ దారి మేలు. బీ ఫార్మసీ చాలనుకుంటే రెండేళ్లు ముందే ఉద్యోగంలో చేరవచ్చు.

ప్రభుత్వాలు చేయాల్సిందీ ఉంది. కొత్త మెడికల్ కాలేజీలు జిల్లాజిల్లాకూ వస్తున్నాయి. వాటి అనుబంధ ఆస్పత్రుల పోస్టుల జాబితాలో ప్రతి మెడిసిన్ యూనిట్‌కూ, ప్రతి ఐసీయూకూ ఒక క్లినికల్ ఫార్మసిస్టు పోస్టు చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఫార్మసీ కౌన్సిల్ హోదా ఇచ్చింది, కాలేజీల నుంచి ఏటా పట్టభద్రులు వస్తున్నారు. ఆర్థిక శాఖ పోస్టులు మంజూరు చేసి, ఆరోగ్య శాఖ నోటిఫికేషన్ ఇస్తే సరిపోతుంది.